ఏడో గట్టు తలుపుకు చెడ్డపేరు

ఈ నెలలో నాకు పదకొండు ఉత్తరాలు వచ్చాయి. రాసినవారంతా తీరం పొడవునా ఉన్న గట్ల మీద తుఫాను షెల్టర్లకు తలుపు కాపరులు. అందరి కోరికా ఒక్కటే: ఏడో గట్టు షెల్టరుకు పెట్టినట్టే తమ షెల్టరుకూ ఒక చెడ్డపేరు పెట్టించమని. వచ్చే గాలికాలంలోపు తలుపుల మీద పేరు పలకలు రాయించుకోవాలని వారి తొందర. ఆ తొందర నాకు అర్థమవుతుంది. కాని ఏడో గట్టులో నేను కనిపెట్టింది పద్ధతి అనదగినంత గట్టిది కాదు. పలకలు రాయించుకునే ముందు అక్కడ ఏ రోజు ఏం జరిగిందో వారు చదవడం మంచిది. అందుకే నా నమోదు పుస్తకంలోని పుటలను దాదాపు దిద్దకుండా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

నమోదు 1
గాలికాలానికి ఇరవై రెండు రోజుల ముందు

ఉదయం పడవలో ఏడో గట్టు చేరాను. నేను పేర్ల శాఖలో అంచనాల కొలత నిపుణురాలిని. ఒక వస్తువు పేరు విన్నవారు దాని నుంచి ఏమి ఆశిస్తారు, ఆ వస్తువు నిజానికి ఏమి చేస్తుంది అనే రెండింటి మధ్య దూరాన్ని కొలవడం నా పని. కొత్త పేర్ల జారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. నోరు తిరిగే ప్రతి మాటకూ ఎవరో ఒక యజమాని ఉన్నారు గనుక, ఊరుమ్మడి ఆస్తులన్నీ అరువు పేర్లతోనే నడుస్తున్నాయి. ఏడో గట్టు ఆసుపత్రికి ఒక తలనూనె పేరు. కాలు విరిగి వచ్చినవాడు కూడా ముందు తల చల్లబడాలని పట్టుబడతాడట. డాక్టరుగారు ప్రతి రోగి నెత్తిన తడిగుడ్డ వేసిగాని కట్టు కట్టరు. అది వైద్యం కాకపోయినా మర్యాద. బడికి ఒక బిస్కట్టు పేరు. పిల్లలు లోపలికి పరుగెత్తుకుంటూ వెళ్లి, బయటికి నెమ్మదిగా వస్తారు.

నేను వచ్చింది షెల్టరు కోసం. గట్టంతా సముద్రంలో స్తంభాల మీద కర్ర వంతెనలా నిలబడిన ఒక వీధి. నలభై ఒక్క ఇళ్లు, రెండు వందల పన్నెండు మంది మనుషులు, వీధి చివర రాతి షెల్టరు. ఉప్పుగాలి మూడు గంటలు వీచిందంటే బయట నిలిచిన దేనికీ పైపొర మిగలదు. స్తంభానికి రంగు, కిటికీకి వార్నీషు, మనిషికి చర్మం. మొదటి హెచ్చరిక కూత పడిన తర్వాత గాలి రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఇరవై అయిదో నిమిషాన తలుపు కాపరి చక్రం తిప్పి తలుపు మూయాలని నియమం. ఎవరు బయట ఉన్నా మూయాలి.

కాపరి పేరు నూకాలు. యాభై ఎనిమిదేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆ చక్రం ఆమె చేతిలోనే ఉంది.

“మొన్నటిదాకా దీనికి పేరే లేదండి. ఏడో నంబరు షెల్టరని రాసుండేది. కూత పడితే సాలు, కంచాల్లో అన్నం కంచాల్లోనే ఒదిలేసి వచ్చేసేవోరు. పదహారు నిమిషాలు, అంతే. పోయిన నెల ఉత్తుత్తి కూత పెట్టి సూశాను. ముప్పై ఒకటి పట్టిందండి.”

“పేరు మార్చిన తర్వాతేనా?”

“పేరు మారితే మనిసి మారతాడేంటని నేనూ అనుకున్నానండి. మా తమ్ముడే మారాడు.”

తలుపు మీద కొత్త పలక మెరుస్తోంది: వజ్రద్వారం.

నమోదు 2
ఇరవై రోజుల ముందు

వజ్రద్వారం ఆడని ఇల్లు తీరంలో లేదు. ముప్పై ఒక్క భాగాలు వచ్చిన వీడియో గేమ్ అది. వీరుడు పరుగెత్తుతాడు, వెనక రాక్షసుడు. వీరుడి ప్రాణం ఏడు ఎర్ర చుక్కలు. ఆరు రాలిపోయి ఒక్కటి మిగిలినప్పుడే వజ్రద్వారం తెరుచుకుంటుంది. ఆ ఆఖరి చుక్కతో లోపలికి దూరినవాడికి వజ్రం. ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడినవాడి శిరస్త్రాణానికి పిరికివాడి గుర్తుగా ఒక కోడి ఈక అంటుకుంటుంది. ఆట అయ్యేదాకా అది ఊడదు.

గేమ్ కంపెనీ షెల్టరు మరమ్మతుకు రాయి ఇచ్చింది. బదులుగా తొమ్మిదేళ్లు తన గేమ్ పేరు పెట్టమంది. తలుపుకు తలుపు పేరే కదా అని అందరూ సంతోషించారు.

నిన్నా ఇవాళా తలుపును నాలుగు వందల సార్లు తెరిచి మూశాను. కీలు కిర్రుమనలేదు. అంచుల్లో దీపపు పొగ కూడా దూరలేదు. నా ఉద్యోగంలో ఇంత మంచి తలుపును చూడలేదని నూకాలుతో అన్నాను. ఆమె చీర కొంగుతో చక్రాన్ని తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నప్పటికీ.

లోపల పద్దెనిమిది మంచినీళ్ల కుండలు ఉండాలి. ఉన్నవి పెంకులు.

“గేమ్‌లో కుండ పగలగొడితే వజ్రాలు రాల్తాయంటండి. ఒకటి కొట్టారు, లేవు. మిగతావాట్లో ఉంటాయని అన్నీ కొట్టారు.”

కుండల బదులు ఇనుప డ్రమ్ములు పెట్టించాలని సిఫారసు చేశాను. సాయంత్రానికి పెట్టారు. చీకటి పడేలోగా వాటి మీద పదకొండు సొట్టలు లెక్కపెట్టాను.

నమోదు 3
పదిహేడు రోజుల ముందు

ఇంటింటికీ వెళ్లి పెద్దవారు నూట ఎనభై మూడు మందిని ప్రశ్నించాను. షెల్టరు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది అన్న ప్రశ్నకు, ఆఖరి నిమిషంలో అని నూట ముప్పై ఆరు మంది చెప్పారు. నిజానికి తలుపు రోజంతా తెరిచే ఉంటుంది. వారు కూర్చున్న అరుగుల మీద నుంచే అది కనిపిస్తుంది. వేలు పెట్టి చూపించాను.

“తెరిచున్నట్టు కనపడుద్దండి,” అని ఒక పెద్దాయన దయగా చెప్పాడు. “అదే ఉచ్చు.”

మీకు ప్రాణాలు ఎన్ని అన్న ప్రశ్నకు అరవై రెండు మంది ఆలోచించకుండా మూడు అన్నారు. గేమ్‌లో వీరుడికి అన్నే, ఒక్కోదానికి ఏడు చుక్కలు. కొంచెం సమయం ఇస్తే వారిలో నలభై మంది ఒకటికి దిగారు. మిగిలిన ఇరవై రెండు మంది గాలికాలం దగ్గరపడ్డాక చెబుతామన్నారు.

నన్ను గురించి కూడా ఒక అంచనా ఉందని ఆలస్యంగా తెలిసింది. గేమ్‌లో దారి పక్కన పుస్తకం పట్టుకున్న ఒక ముసలమ్మ ఉంటుంది. మూడుసార్లు పలకరిస్తే తాళంచెవి ఇస్తుంది. ఈ వీధిలో ప్రతి ఒక్కరూ వరసగా మూడుసార్లు నాకు నమస్కారం ఎందుకు పెడుతున్నారో అప్పుడుగాని బోధపడలేదు. తాళంచెవులు నా దగ్గర లేవు. మూడో నమస్కారానికి తలా ఒక పెన్సిలు ఇస్తున్నాను. తీసుకున్నవారు వాటిని భద్రంగా దాచుకుంటున్నారు.

నూకాలు తమ్ముడు దానయ్య వలలు బాగుచేస్తాడు. యాభై ఒక్కేళ్లు. వజ్రద్వారంలో గట్టు మొత్తానికి అతనే మొనగాడు. పోయినసారి ఉత్తుత్తి కూతకు ముప్పై ఒకటో నిమిషాన ఆఖరుగా లోపలికి దూరింది అతనే. ఆ మాట చెప్పేటప్పుడు వల పక్కన పెట్టి మరీ చెప్పాడు.

“అసలు గాలొస్తే ఇరవై అయిదుకే తలుపు మూసేస్తారు కదా, దానయ్యగారూ?”

“మూసేత్తన్నట్టు ఉంటాదండి. సందు ఉంటాది. నాకు తెలుసు కదా ఆ సందు.”

“కూత పడగానే వచ్చేస్తే ఏమవుతుంది?”

అతను నావైపు జాలిగా చూశాడు. “ఊరంతా నన్ను కోడీక అంటాదండి. రేపు సచ్చిపోయినా కోడీక దానయ్య పోయాడంటారు.”

ఇంట్లోంచి అతని భార్య కేక వేసింది: “ముందు సచ్చిపోకుండా సూసుకో, తరవాత ఏవంటారో నేను ఇని సెప్తాను!”

నమోదు 4
పదిహేను రోజుల ముందు

రెండో ఉత్తుత్తి కూత. ముప్పై ఎనిమిది నిమిషాలు.

షెల్టరు పక్కన నిలబడి గడియారం పట్టుకుని చూశాను. కూత పడగానే అందరూ ఇళ్లలోంచి బయటికి వచ్చారు, బారులు తీరి ఆగారు. కొందరు కాళ్లు సాగదీశారు. ఇద్దరు ముసలివాళ్లు వంతెన మీద గెంతి చూసుకున్నారు. ఇరవై నిమిషాలు గడిచాక ఒక్కొక్కరూ కదిలి, తలుపుకు పది అడుగుల దూరంలో మళ్లీ ఆగారు. ఒకరినొకరు “ముందు మీరు” అని సాగనంపుకోవడం మొదలైంది. ఇంత మర్యాదగల జనాన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఇరవై అయిదో నిమిషాన లోపల ఉన్నది తొమ్మిది మంది, వారిలో ఆరుగురు చంటిపిల్లలు.

దానయ్య ముప్పై ఎనిమిదో నిమిషాన పక్కకు దొర్లుతూ ప్రవేశించాడు. చప్పట్లు మోగాయి. నూకాలు చక్రం దగ్గర నిలబడి ఉంది. ఆమె చేతులు చక్రం మీదే ఉన్నాయి. తిప్పలేదు.

నమోదు 5
పదమూడు రోజుల ముందు

కంపెనీ తరఫున పేరు సంరక్షకుడు వల్లభగారు వచ్చారు. ఇస్త్రీ నలగని చొక్కా, నెమ్మదైన మాట. పేరు తీసేయమని అడిగాను. కొలతల పట్టిక ఇచ్చాను. ఆయన శ్రద్ధగా చదివారు. చదివేకొద్దీ ముఖం వెలిగింది.

“మేడమ్, నూట ముప్పై ఆరు మంది! ఒక రాతి తలుపుకి ఇంత ఫీలింగ్ రావడం మా హిస్టరీలోనే లేదు.”

“వారు గాలిలో చనిపోతారండీ.”

“అయ్యో, అలా జరగకూడదు. తప్పకుండా సాల్వ్ చేద్దాం. కానీ ఒప్పందం ఒప్పందమే కదా మేడమ్. వజ్రద్వారం వరసలోని ఒక పేరు తొమ్మిదేళ్లపాటు ఆ తలుపు మీద ఉండాలి. అది పోతే రాయి వెనక్కి తీసుకోవాల్సొస్తుంది. రాయి తీస్తే షెల్టరే ఉండదు.”

ఆయన చెడ్డవారు కారు. పడవ ఎక్కేలోగా పరిష్కారం కూడా చెప్పారు. గేమ్‌లో ప్రమాదం దగ్గరపడితే డప్పు మోగుతుంది. మొదటి కూతతోపాటే డప్పు మోగిస్తే జనం వెంటనే కదులుతారని ఆయన ఆలోచన. డప్పు కూడా కంపెనీ ఖర్చుతోనే పంపారు.

నమోదు 6
పదకొండు రోజుల ముందు

డప్పుతో కలిపి మూడో ఉత్తుత్తి కూత. నలభై నాలుగు నిమిషాలు.

డప్పు మోగగానే అందరూ సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. పెద్ద రాక్షసుడి కంటే ముందు చిన్న రాక్షసుడు రావాలట. వాడు రాకుండా లోపలికి ఎలా వెళ్తామని అడిగారు.

నమోదు 7
తొమ్మిది రోజుల ముందు

మధ్యాహ్నం నూకాలు కీళ్లకు నూనె పెడుతుంటే పక్కన కూర్చున్నాను. పని అయ్యాక ఆమె నూనె డబ్బా మూత బిగించి అడిగింది.

“కొలతలమ్మగారూ, ఇరవై అయిదో నిమిషానికి నేను సక్రం తిప్పాలి. అంతేనా?”

“అంతే.”

“తిప్పకపోతే?”

“గాలి లోపలికి వస్తుంది. లోపల ఉన్నవారికి ప్రమాదం.”

“తిప్పితే మా తమ్ముడు బయటుంటాడు.” ఆమె చక్రం వైపు చూసింది. “ఆడు పుట్టినప్పుడు మా అమ్మకి జొరం. నేనే ఎత్తుకున్నాను. ఏడేళ్లదాన్ని. కళ్లు మూసుకుని తిప్పడం అలవాటు సేసుకుంటన్నానండి, పొద్దున్న నించి. తిరుగుద్ది. సక్రం మంచిది. ఎవరు తిప్పినా తిరుగుద్ది.”

నూనె గుడ్డ అందుకుని కింది కీలు తుడిచాను.

నమోదు 8
ఎనిమిది రోజుల ముందు

ఇన్నాళ్లూ నేను తప్పు ప్రశ్న అడుగుతున్నాను. జనం ఈ పేరును ఎందుకు నమ్ముతున్నారని అడిగాను. ఈ పేరును ఎప్పుడైనా నమ్మడం మానేశారా అని అడగలేదు. ఉదయం దానయ్య దగ్గరికి వెళ్లి అదే అడిగాను.

అతని చేతిలో సూది ఆగిపోయింది.

“పద్నాలుగు,” అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, “ఆ పేరు ఇంట్లో ఎత్తకండి,” అని నన్ను బయటికి తీసుకెళ్లాడు.

వజ్రద్వారం పద్నాలుగో భాగం కోసం లోకమంతా మూడేళ్లు ఎదురు చూసిందట. విడుదల రోజున దానయ్య వల పని మానేసి, స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆట మొదలైన పావుగంటకు వీరుడి తల గోడలో ఇరుక్కుంది. శరీరం ఇవతల నడుస్తూ ఉంది. ఆఖరి చుక్కతో వజ్రద్వారం దగ్గరికి వస్తే తలుపు సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. ఒకచోట నేల కరిగి రాక్షసుడే కిందికి జారిపోయి, “కాపాడండి” అని వీరుడి గొంతుతో అరిచాడు. అయినా దానయ్య వదల్లేదు. అరవై ఒక్క గంటలు ఆడాడు. ఆఖరి కోటలో, దాచుకున్నదంతా చెరిగిపోయి ఆట మళ్లీ మొదటికి వచ్చింది.

“నేను ఏడవలేదండి,” అన్నాడు. “మా ఆవిడ ఏడిసింది, నా మొహం సూసి.”

“ఇప్పుడు పద్నాలుగులోని తలుపు మీ ఎదుట ఉంటే ఏం చేస్తారు?”

“ఆ తలుపా!” అతను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. “దాన్ని నమ్మి ఎవడు నిలబడతాడండి? ముందే పోయి, గునపం పెట్టి, సందులో రాయి దూర్చి...”

తక్కిన మాటలు నేను రాసుకోలేదు. ఒప్పందం ప్రతి కోసం బసకు పరుగెత్తుకుంటూ వచ్చాను. నన్ను చూసి దారిలో ఇద్దరు పక్కకు తప్పుకుని వెనక రాక్షసుడు ఉన్నాడేమోనని చూశారు. ఒప్పందంలో మూడో అంశం: వజ్రద్వారం వరసలోని ఏ పేరైనా. కంపెనీ తన జాబితాలో పదమూడు తర్వాత పదిహేను అని వేస్తుంది. కాని పద్నాలుగును రద్దు చేసినట్టు ఎక్కడా లేదు. రద్దు చేయాలంటే అది ఉందని ఒప్పుకోవాలి కదా.

నమోదు 9
ఏడు రోజుల ముందు

నూకాలును అడగకుండా పలక మార్చడం న్యాయం కాదని తోచింది. విషయం చెప్పాను. విన్నంతసేపూ ఆమె తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

“సెడ్డపేరు పెడతారా నా తలుపుకి?”

“అవునండీ.”

“నాలుగొందల సార్లు తీశారు కదండి మీరు. ఒక్కసారన్నా మొరాయించిందా?”

“లేదు. లేదనే రాశాను.”

ఆమె వెనక్కి తిరిగి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. “దానయ్య లోపలుంటాడంటే ఏ పేరైనా రాయండి. రాసేటప్పుడు మాత్రం నన్ను పిలవకండి.”

సాయంత్రానికి పెయింటరు పలక ముగించాడు: వజ్రద్వారం – పద్నాలుగు. చివరి మాట రాసేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుకున్నానన్నాడు. అతను కూడా ఆడినవాడే.

నమోదు 10
ఆరు రోజుల ముందు

నాలుగో ఉత్తుత్తి కూత. పదమూడు నిమిషాలు.

కూత ఇంకా పూర్తిగా ఆగకముందే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది దానయ్య. ఒక చేతిలో గునపం, మరో చేతిలో నూనె డబ్బా. తలుపు కింద రాయి దూర్చి, “రండి, రండి, ఇది ఎప్పుడు బిగుసుకుంటదో తెలీదు!” అని అరిచాడు. రెండు వందల మంది పరుగెత్తుకొచ్చారు. లోపలి డ్రమ్ములను నమ్మక ఎవరి నీళ్లు వారు తెచ్చుకున్నారు. నేల కరిగితే నిలబడడానికి కొందరు చెక్కలు తెచ్చుకున్నారు. ఒకావిడ గోడను నాలుగు చోట్ల తట్టి చూసిగాని బిడ్డను ఒడిలో పడుకోబెట్టలేదు. ప్రాణాలు ఎన్ని అని మళ్లీ అడిగాను. అందరూ ఒకటే అన్నారు. ఒకాయన, “అదీ ఉందో లేదో,” అన్నాడు.

నా లెక్క ప్రకారం ఇది ఘనవిజయం. నూకాలు మాత్రం మూలన నిలబడి గునపాలు లెక్కపెడుతోంది.

“పంతొమ్మిదండి. బిడ్డలా సూసుకున్న తలుపు. పంతొమ్మిది గునపాలు తెచ్చారు.”

నమోదు 11
నాలుగు రోజుల ముందు

నిన్న వల్లభగారు మళ్లీ వచ్చారు. ఈసారి చొక్కా నలిగి ఉంది.

“మేడమ్, పద్నాలుగు అన్న మాట మేము ఆఫీసులో కూడా వాడం. లిఫ్టులో ఆ అంతస్తు బటన్ తీసేశాం. మీరు గట్టు మీద బోర్డు పెట్టారు!”

ఒప్పందంలో మూడో అంశం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి కాగితం తిరిగిచ్చారు. ఆ భాగం తయారీలో ఆయన కూడా ఉన్నారట, తలుపుల విభాగంలో. టీ పోయించాను. తాగి, నెమ్మదిగా ఒక మాట అడిగారు. అది న్యాయమైన మాటే గనుక నాకు నిద్ర పట్టనివ్వదని అప్పుడే తెలిసింది.

“తలుపు పరీక్ష నివేదిక మీరు తలుపు మీద అంటించాలి కదా మేడమ్? రూల్ అదే కదా?”

అదే. నాలుగు వందల సార్లకు ఒక్క లోపమూ లేదన్న కాగితం ప్రజలకు కనబడేలా అంటించడం నా బాధ్యత. అది చదివితే తలుపు మంచిదని తెలుస్తుంది. తెలిస్తే మళ్లీ ఆగుతారు. అంటించకపోతే నేను నిజం దాచినదాన్ని అవుతాను. నా ఉద్యోగంలో మిగతాదంతా కొలతే, నిజం చెప్పడం ఒక్కటే పని.

ఈ ఉదయం ఎనిమిదికి కాగితం అంటించాను. పెద్ద అక్షరాలతో, కొలతలన్నిటితో. వీధి అంతా గుమిగూడింది. దానయ్య బిగ్గరగా చదివాడు: నాలుగు వందల సార్లు పరీక్షించబడినది, ఎటువంటి లోపమూ లేదు. చదివి, నావైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, బాధ ఉంది.

“పద్నాలుగు డబ్బా మీద కూడా అచ్చం ఇదే రాశారండి.”

జనంలో గుసగుసలు లేచాయి. సాయంత్రానికి గునపాలు ముప్పై నాలుగయ్యాయి. నేను చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. అందుకు ఇంత ఊరట కలుగుతుందని ఏ శిక్షణలోనూ నాకు చెప్పలేదు.

నమోదు 12
గాలికాలం, మొదటి రోజు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు కూత పడింది. ఇది ఉత్తుత్తిది కాదు.

పదకొండు నిమిషాల్లో రెండు వందల పన్నెండు మంది లోపల ఉన్నారు. ఆసుపత్రి నుంచి డాక్టరుగారు తడిగుడ్డలతో సహా వచ్చారు. పడవ దొరకక ఆగిపోయిన వల్లభగారితో, నాతో కలిపి లెక్క రెండు వందల పద్నాలుగు. ఆ అంకె విని ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. డాక్టరుగారిని కూడా కలిపి మళ్లీ లెక్కపెట్టాం. ఆయన గట్టువాసుల లెక్కలోనే ఉన్నారని తేలింది. నేను తలుపు అవతలి వసారాలో నిలబడి లెక్క రెండు వందల పదమూడుగా ప్రకటించాను. అందరూ కూర్చున్నాక లోపలికి వచ్చాను.

నూకాలు ప్రతి ముఖాన్నీ చూసింది. తమ్ముడు ఆమె పక్కనే ఉన్నాడు, పై కీలుకు చెవి ఆనించి.

“అక్కా, జాగర్త. బిగుసుకుంటే నాకు సెప్పు. లాగేత్తాను.”

“నువ్వు నోరు మూసుకుని పక్కకి జరుగు. ఇరవై ఆరేళ్లయింది నేను తిప్పబట్టి.”

“అదంతా పద్నాలుక్కి ముందక్కా.”

“జరగరా!”

ఆమె కళ్లు తెరుచుకునే చక్రం తిప్పింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. లెక్కలకు పట్టిన సమయం పోగా ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలే ఉన్నాయి. గాలి వచ్చేదాకా అందరం ఒకరి గునపం వైపు ఒకరం చూసుకున్నాం.

గాలి మూడు గంటల పది నిమిషాలు వీచింది. దానయ్య అంతసేపూ కీలు దగ్గరే నిలబడ్డాడు. వల్లభగారు రెండో కీలు దగ్గర నిలబడ్డారు. ఎవరూ అడగలేదు, ఆయనే వెళ్లారు. బయట స్తంభాల రంగు రాలుతున్న చప్పుడు ఇసుక పోస్తున్నట్టు వినిపించింది. గాలి ఆగాక నూకాలు చక్రం వెనక్కి తిప్పింది. తలుపు మొదటిసారికే తెరుచుకుంది. వీధి వంతెన తెల్లగా, కొత్త కర్రలా ఉంది. ఒక్కరికీ చర్మం గీసుకోలేదు.

బయటికి వెళ్తూ కొందరు తలుపును వింతగా చూశారు. ఒక ముసలాయన దాన్ని ఆవును నిమిరినట్టు నిమిరాడు. దానయ్య గునపాన్ని భుజాన వేసుకుని, గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగాడు.

“ఏదో అనుకున్నాం గానీ అక్కా, నీ తలుపు బానే ఉందే.”

నూకాలు నవ్వింది. ఇరవై రెండు రోజుల్లో నేను చూసిన మొదటి నవ్వు అది. నేను కూడా సంతోషించాను. తర్వాత పుస్తకం తీసి, అతను అన్న మాటను సమయంతో సహా రాసుకుని, కింద గీత గీశాను. ప్రమాద సూచనలకు నేను గీసే గీత అది.

నమోదు 13
గాలికాలం, పన్నెండో రోజు

ఈ ఉదయం ఉత్తుత్తి కూత. పదిహేడు నిమిషాలు.

అందరూ వచ్చారు. దానయ్య వందమంది తర్వాత వచ్చాడు, నూనె డబ్బా ఉంది గాని గునపం లేదు. ఎందుకు తేలేదని అడిగితే, బరువుగా ఉందన్నాడు. మొత్తం గునపాలు తొమ్మిది. ఒకావిడ గోడను ఒక్కచోటే తట్టింది. కూత పడ్డప్పటి నుంచి సన్నటి జల్లు పడుతోంది, వంతెన జారుడుగా ఉంది, చాలామంది పిల్లల చేతులు పట్టుకుని మెల్లగా నడిచారు.

“పదమూడు నించి పదిహేడయ్యిందేంటండి?” అని నూకాలు అడిగింది. వేలు మాత్రం చక్రం మీదే ఉంది.

“వాన వల్ల కావచ్చు,” అన్నాను.

“కాకపోతే?”

ఇరవై అయిదుకు ఇంకా ఎనిమిది నిమిషాలు ఉన్నాయని చెప్పాను. అది సమాధానం కాదని ఆమెకు తెలుసు. ఈ గాలికాలంలో ఇంకా అయిదు గాలులు రావాలి. తలుపు ప్రతిసారీ చక్కగా మూసుకుంటుంది, చక్కగా తెరుచుకుంటుంది. అందులో నాకు సందేహం లేదు. పెరిగిన నాలుగు నిమిషాలు వాన వల్ల పెరిగాయో, తలుపు మీద కుదురుతున్న నమ్మకం వల్ల పెరిగాయో నాకు తెలియదు.